ట్యాంకు చాటు గొంతు

పోయిన వారం చిక్కుడు పాదుకు పూత రాలిపోతుంటే ఆమె ఎప్పుడో పంపిన మాట మళ్ళీ విందామని ఫోను తీశాను. ఆమె నంబరు పక్కన ఎప్పుడూ ఊదారంగు చిక్కుడు పువ్వు బొమ్మ ఉంటుంది. ఆ రోజు పువ్వు లేదు. దాని చోట ఎవరో కుర్రాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మోటారు సైకిలు మీద కూర్చుని నవ్వుతున్నాడు.

మనవరాలిని పిలిచి చూపించాను.

"ఏటీ లేదు అమ్మమ్మా. నంబరు కొన్నాళ్ళు వాడకపోతే కంపెనీవోళ్ళు ఇంకొకరికి ఇచ్చీస్తారు. అంతే," అని తన పనిలో పడిపోయింది.

అంతేనట. ఆ నంబరు కొన్నాళ్ళు ఎందుకు వాడలేదన్నది దానికి పట్టలేదు. నాకు ఆ మాటే పట్టుకుంది.

మాది డాబాల మీద కుండీల్లో కూరగాయలు పెంచుకునేవాళ్ళ గ్రూపు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళమే అందరం. ఎవరి దగ్గర ఏ విత్తనం ఉంటే అది పోస్టులో పంపుకుంటాం, తెగుళ్ళకు మందులు చెప్పుకుంటాం. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, వేలితో అక్షరాలు వెతుక్కోవడం నావల్ల కాదు. ఆ గ్రూపులో అందరూ మాటలు రికార్డు చేసి పంపుతారు కాబట్టి నాకు కుదిరింది. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. గొంతులు తెలుసు.

ఆమెది చీపురుపల్లి. బెల్లం, చింతపండు, ఎండుమిరప అమ్మే కొట్టువాళ్ళ కోడలు. నలభై దాటి ఉండదు. పేరు మాత్రం చెప్పను. చెప్తే ఏమవుతుందోనని నాకు ఇప్పటికీ భయమే.

ఆమె ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేది. వెనకాల నీళ్ళ ట్యాంకు నిండుతున్న చప్పుడు, పావురాల కువకువలు. మొదట్లో ఆమె ఫోను పాడైందనుకున్నాం. మా గ్రూపు నడిపేది ఆమదాలవలసలో ఉండే లెక్కల మేస్టారు, రిటైరయ్యారు. "అమ్మా, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకో," అని ఆయన సలహా చెప్పారు.

"ఫోను బాగానే ఉన్నాది మేస్టారూ. నానే బాగోలేను. మళ్ళీ సెప్తాను," అంది ఆమె.

ఆ "మళ్ళీ సెప్తాను" ఆమె ఊతపదం. ఏ సంగతీ చివరిదాకా చెప్పింది లేదు. పూత రాలుడుకు మందు చెప్పమని ఒకసారి నేనే అడిగాను. "పుల్లటి మజ్జిగ తీసుకో మామ్మా, అందులో ఇంగువ కలిపీసి..." అన్నది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. "మళ్ళీ సెప్తాను." ఇంగువ ఎంత వెయ్యాలో నాకు ఈ రోజుకీ తెలియదు. గ్రూపులో అందరూ ఆమెను 'మళ్ళీసెప్తాను గారు' అని వెక్కిరించేవారు. నేనూ నవ్వాను. డాబా మీద ట్యాంకు చాటున తప్ప ఆ ఇంట్లో ఆమె నోరు విప్పే చోటు లేదని అప్పటికి మాకు తెలియదు.

విత్తనాలు పంపితే మాత్రం, చూడగానే ఆమెవని తెలిసిపోయేది. పాత పేపరు ముక్కను ఎటునుంచి ఎటు మడిచేదో గాని, దారం లేకుండా, జిగురు లేకుండా పొట్లం గోళీకాయలా బిగిసి ఉండేది. గోడకేసి కొట్టినా గింజ రాలదు. ఇలా ఎలా కడతావే అని అడిగితే, "పెళ్ళైన వారానికే మా మావ కూకోబెట్టి నేర్పీరు. ఈ మడత మా కొట్టుదే మామ్మా, ఇంకెవులికీ రాదు," అంది. ఆ ఇంటి గురించి ఆమె కాస్త గర్వంగా చెప్పిన మాట అదొక్కటే.

ఇంకోసారి, నాకు విడిగా పంపిన మాటలో, తన సంగతి కొంచెం చెప్పింది. చిన్ననాటి స్నేహితురాలితో ఫోనులో నవ్వుతుంటే ఇంట్లోవాళ్ళు విన్నారట. ఫోను లాక్కున్నారు. ఇప్పుడున్నది వాళ్ళకు తెలియకుండా దాచుకున్నదట. తండ్రికి జబ్బని కబురొచ్చినా పుట్టింటికి పంపలేదు. ఆయన పోయాక పంపి, సాయంత్రానికల్లా వెనక్కి తెచ్చేసుకున్నారు.

"ఈసారి దొరికితే ఫోనుతో పోదు మామ్మా," అంది.

ఏం పోతుందో చెప్పలేదు. అదీ మళ్ళీ చెప్తానంది.

నిరుడు కార్తీకంలో మా గ్రూపు వాళ్ళం కలిసి భోజనం చేద్దామన్నది పాలకొండ అబ్బాయి ఆలోచన. ఇంట్లో కూర్చుని కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు, కుండీల్లో మెక్సికో దేశపు మిరపకాయలు పెంచుతాడు. ఆ దేశపు తిండి పెట్టే హోటలు మా శ్రీకాకుళంలో బట్టల కొట్టు మీద మేడలో కొత్తగా తెరిచారు, అక్కడే తినాలని వాడి పట్టుదల. అందరూ ఆదివారం అన్నారు. ఆమె సోమవారం అంది. కార్తీక సోమవారమైతే శ్రీముఖలింగం దర్శనానికని చెప్పి బయటపడవచ్చట. ఏటా అత్తగారే తీసుకెళ్ళేది. మోకాళ్ళు పట్టేసి ఆ ఏడు వెళ్ళలేనంది. ఆమె ఒక్కదాని కోసం అందరం సోమవారానికి ఒప్పుకున్నాం. గొంతు తప్ప ఏమీ తెలియని మనిషిని చూడాలని అందరికీ ఉంది.

ఫోనులో పరిచయమైన మనుషుల దగ్గరికి వెళ్ళడమంటే నాకూ భయమే. మెళ్ళో గొలుసు తీసి పెట్టెలో పెట్టి, పూసల దండ వేసుకుని వెళ్ళాను. మేస్టారు, పాలకొండ అబ్బాయి, శ్రీకాకుళంలోనే నర్సుగా చేసే ఒకామె అప్పటికే ఉన్నారు. గోడల నిండా పెద్ద పెద్ద గడ్డి టోపీలు తగిలించి ఉన్నాయి. పెళ్ళివారి టోపీలన్నీ దండేనికేశారా అని నర్సమ్మ నవ్విస్తోంది.

చీకటి పడుతుండగా ఆమె వచ్చింది. నది స్నానం చేసిన జుట్టు ఇంకా ఆరలేదు, ముడి తడిగా ఉంది. నుదుట విభూతి, చేతిలో ప్రసాదం సంచి. సన్నగా, పొడుగ్గా ఉంది. గుమ్మంలో నిలబడి మా ముఖాల కంటే ముందు తలుపులు చూసింది.

"దిగడానికి ఇంకో దారున్నాదేటి?" ఇదీ ఆమె మాతో నేరుగా అన్న మొదటి మాట. ఆ మాటా గుసగుసే. ట్యాంకు చాటున లేకపోయినా ఆ గొంతుకు అదే అలవాటైపోయింది.

మెట్లు కనబడేలా కూర్చుంది. సంచి ఒళ్ళోనే పెట్టుకుంది. కింద ఎవరి బండి ఆగినా మెడ తిప్పేది.

"నిజంగానే ముఖలింగం ఎళ్ళేవా, ఊరికే అన్నావా?" అని అడిగాను.

"ఎళ్ళకుండా ఎళ్ళేనని ఎలా సెప్తాను మామ్మా, శివుడి పేరు," అంది. "ఇక్కడికొచ్చేనని మాత్తరం సెప్పను."

బల్ల మీదకు ఏవేవో వచ్చాయి. మూడు మూలల మొక్కజొన్న అప్పడాలు, తాలింపు లేని టమాటా పచ్చడి, చిక్కుడు గింజల ముద్ద పెట్టి మడిచిన రొట్టెలు. మేస్టారు గింజ ఒకటి కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని ఏ జాతో చూస్తున్నారు. ఆమె ముట్టలేదు. సోమవారం ఉపవాసం, చుక్క చూసి గాని తినదు. పాలకొండ అబ్బాయి కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, బట్టల కొట్టు బోర్డు లైటు చూపించి, "అదిగో చుక్క," అన్నాడు.

"ఒరే, నువ్వు సూపించిన చుక్కకి కరెంటు బిల్లొస్తాది," అంది ఆమె.

ఒక్క క్షణం భయం మరిచిపోయింది. అందరం పడీపడీ నవ్వాం. ఆమె మాత్రం నవ్వేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నిజం చుక్క కనబడ్డాక దండం పెట్టుకుని రొట్టె కొరికింది. ఉల్లి, వెల్లుల్లి లేకుండా తెమ్మని అబ్బాయి ముందే చెప్పాడు. తెచ్చినవాడు తలూపాడు కూడా. నోట్లో పెట్టుకున్న రెండో నిమిషానికి ఆమె ముఖం తెల్లబోయింది. గింజల ముద్దలో పచ్చి ఉల్లిపాయ సన్నగా తరిగి కలిపేశారు.

వాళ్ళింట్లో కార్తీకం నెలంతా ఉల్లి గుమ్మంలోకి రాదు. ఆ వాసనతో వెళితే గుడి నుంచి వస్తున్నానంటే ఎవరు నమ్ముతారు? ఆమె ఉమ్మలేదు, కళ్ళు మూసుకుని మింగేసింది. తరువాత సబ్బుతో చేతులు కడిగింది, నిమ్మచెక్కతో రుద్దింది. చివరికి ప్రసాదం సంచిలోంచి విభూతి తీసి వేళ్ళ సందుల్లో పూసుకుంది. మళ్ళీ మళ్ళీ వాసన చూసుకుంటూ, "పోనాదా మామ్మా? సూడు, పోనాదా?" అని నా ముఖం దగ్గర చెయ్యి పెట్టేది. పోయిందన్నాను. పోలేదు.

అంతలో పాలకొండ అబ్బాయి ఫోనెత్తి అందరినీ ఫోటో తీసేశాడు. ఆమె కొంగు ముఖం మీదకు లాక్కునేలోపే అయిపోయింది.

"సెరిపీ," అన్నాను.

"గ్రూపులోనే కదా మామ్మగారూ పెడతాను..."

"గ్రూపు నుంచి అది ఎవులింట్లోకి ఎళ్తాదో నీకేటి తెలుసు? నా కళ్ళముందు సెరిపీరా గుంటడా."

వాడు చెరిపేశాడు. చెరిపేశాక ఇంకోచోట దాక్కుని ఉంటుందని నర్సమ్మ అంటే, అక్కడా వెతికించి తీయించాను.

తినగా మిగిలిన అప్పడాలు, రొట్టెలు బల్ల మీద వదిలి రావడం నాకు చేతకాదు. పారేస్తారని తెలిసి ఎలా వదులుతాను? ఆమె అర్థం చేసుకుంది. బల్ల మీద పరిచిన కాగితం లాగి, చూసుకోకుండానే నాలుగు మడతలు వేసి పొట్లం కట్టి నా సంచిలో పడేసింది. అప్పుడు మెల్లగా అసలు మాట చెప్పింది.

"మామ్మా, నువ్వు మా గుమ్మం దాకా రావాల. తోడుకి శ్రీకాకుళం పెద్దావిడ ఉన్నాదని ఇంట్లో సెప్పేను. ఆవిడని తెచ్చి సూపించమంది మా అత్త."

"ఎవులే ఆ పెద్దావిడ?"

"నువ్వే."

"ముందే అడగలేకపోనావా?"

"అడిగితే రావేమోనని బయమేసింది."

కసిరాను, గట్టిగానే. కసురుతూనే లేచాను. నేను వెళ్ళకపోతే ఏమవుతుందో చెప్పమని అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది. మేస్టారు కూడా మా వెంట రైలెక్కి, ఆడవాళ్ళ పక్కన కనబడకూడదని వేరే పెట్టెలో కూర్చున్నారు. పొందూరు దాటాక, ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలికి వదిలేసింది, వాసన కొట్టుకుపోతుందని.

చీపురుపల్లిలో ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టు తలుపు సగం వేసి ఉంది. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. లోపల కాటా దగ్గర ఒక మగమనిషి తల ఎత్తకుండా తూకాలు వేస్తున్నాడు. ఆమె మొగుడై ఉంటాడు. తల ఎత్తలేదు గాని, వింటున్నాడని తెలుస్తోంది.

"నువ్వేనా మా కోడలికి తోడెళ్ళిన పెద్దావిడవి? లోనికి రామ్మా, నీళ్ళు తాగీసి ఎళ్దువు," అంది అత్తగారు.

మా ఇళ్ళల్లో శివుడి దర్శనం చేసుకుని వస్తూ మరొకరి ఇంట్లో అడుగుపెట్టరు. ఆ ఆచారమే నోటికొచ్చింది. "ఒద్దమ్మా. ముఖలింగం నించి వస్తన్నాం. మా ఇంటి దీపం సూడకుండా ఇంకొకరి గడప తొక్కను," అన్నాను. ఆ రోజు నేను చూడని గుడి పేరు చెప్పేశాను.

ఆవిడ ముఖం మెత్తబడింది. "ఇంకా ఇలాంటోళ్ళు ఉన్నారన్నమాట," అని కోడలు అందించిన ప్రసాదం కళ్ళకద్దుకుంది. అద్దుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏటే, ఉల్లి వాసనొస్తంది?"

లోపల కాటా చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ కళ్ళు కోడలి చేతుల మీంచి నా సంచి మీదకు వచ్చాయి. పొట్లం కొస పైకి కనబడుతోంది. "ఏటది, ప్రసాదమా? ఇలాగియ్యి," అని చెయ్యి చాపింది. ఆవిడ వెనకాల, లైటు కింద బల్ల మీద, పొట్లాలు గుట్టగా పోసి ఉన్నాయి. అన్నిటికీ ఒకటే మడత. నా సంచిలో ఉన్నదానికీ అదే. ఆ పొట్లం ఆవిడ చేతికి వెళితే ఇంక చెప్పేదేమీ ఉండదు.

"ముట్టుకోకత్తా!"

ఎవరు అరిచారా అని నేనే ఉలిక్కిపడ్డాను. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. గంటలా ఉంది. వీధి అవతల కూరలమ్మే ఆమె కూడా తిరిగి చూసింది.

"ఆ ముసిల్దాని సంచి ముట్టుకోకు! కార్తీక సోమారం పూట, రైల్లో నా పక్కనే కూకుని ఉల్లి పకోడీలు తినీసినాది. ఒద్దంటే వింటేనా? నా సీర, నా సేతులు, అంతా అదే కంపు. గడప తొక్కదంట, ఉల్లి మాత్తరం మానదంట! ఇంత వయసొచ్చినాది, సిగ్గులేదేటి నీకు?"

అంటూనే పొట్లాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగి, కాలవలోకి విసిరేసింది.

నా మొగుడు బతికినన్నాళ్ళూ నన్ను అంత మాట అనలేదు. కోడళ్ళు నా ముందు కుర్చీ మీద కూర్చోవడానికి జంకుతారు. ఆ రోజు వీధిలో నిలబడి, తల వంచుకుని, అన్నీ పడ్డాను. తిండి కాలవలో తేలుతుంటే కూడా నోరెత్తలేదు.

అత్తగారు ఫక్కున నవ్వింది. "ఊరుకోయే. పెద్దావిడ, ఆకలేసుంటాది. నువ్వెళ్ళి తలార తానం సేసీ." లోపల కాటా మళ్ళీ చప్పుడు చేసింది.

ఆమె నన్ను దాటి లోపలికి వెళ్తూ కొంగు సర్దుకున్నట్టు వంగింది.

"మళ్ళీ సెప్తాను మామ్మా."

స్టేషనులో మేస్టారు ఏమైందని అడిగితే, దిగబెట్టేశానన్నాను.

ఆ తరువాత ఎండలు ముదిరేదాకా ఆమె గొంతు అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. వంగ నారు గురించి, తెల్లదోమ గురించి. ఆఖరిది నాకు విడిగా పంపింది. "మామ్మా, ఆ రోజు నాను అరిసేను సూడు, అప్పట్నించి నాకు..." అంది. అడుగుల చప్పుడు వచ్చింది. ఆ తరువాత ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు కాసేపు. అంతే, ఆగిపోయింది. ఎన్నిసార్లు విన్నా అంతే. ఆమె మాటలన్నిట్లో చివర 'మళ్ళీ సెప్తాను' లేనిది అదొక్కటే.

అంతకుముందు కూడా వారాల తరబడి మాయమయ్యేది కాబట్టి వస్తుందిలే అనుకున్నాం. కొన్నాళ్ళకు మేస్టారు ఫోను చేస్తే మోగలేదు. నేను వెళ్దామనుకున్న ప్రతిసారీ కాలు వెనక్కి లాగేది. ఒక్కసారి గుమ్మంలో చూసిన మనిషి వచ్చి కోడలి గురించి అడిగితే, ఆ తలుపు మూశాక లోపల ఏమవుతుంది? అసలు ఆ కొట్టులో గోడకు దండేసిన ఫోటో ఉంటేనో? ఆ ఊహ రాగానే పని వెతుక్కుని లేచిపోయేదాన్ని. ఇప్పుడు ఆమె ముఖం తలుచుకోబోతే కొంగే కనబడుతోంది. ఉన్న ఒక్క ఫోటో నేనే చెరిపించాను.

ఇది మళ్ళీ కార్తీకం. వచ్చే సోమవారం శ్రీముఖలింగం నిజంగానే వెళ్తాను. నదిలో మునిగి, దర్శనం చేసుకుని, ప్రసాదం తీసుకుంటాను. దారిలో ఉల్లి పకోడీలు కొని, నాకు వచ్చినట్టు పొట్లం కట్టి, అదే సంచిలో పైకి కనబడేలా పెట్టుకుంటాను. చీపురుపల్లిలో రైలు దిగి ఆ గుమ్మం ముందు నిలబడతాను. నిరుడు తోడొచ్చిన పెద్దావిడనమ్మా, ప్రసాదం తెచ్చాను అంటాను. అత్తగారికి వాసన తగులుతుంది. ఏమిటా వాసన అని అడుగుతుంది.

అప్పుడు లోపల్నుంచి ఆమె రావాలి. వచ్చి, సిగ్గులేదేటి అని వీధి వీధంతా వినబడేలా నన్ను తిట్టాలి.

ఎవరూ తిట్టకపోతే ఏం చెయ్యాలో ఇంకా ఆలోచించలేదు. ఆలోచించడానికి భయంగా ఉంది.